క్యాంపస్‌లో అత్యాచారం అన్న వార్త వస్తే అనుమానం ఎవరి మీద పెట్టాలి?

ప్రశ్న అడిగిన అమ్మాయి అనంతపురంలో పీజీ చదువుతోంది. ఆ ఊళ్ళోనే ఒక కాలేజీ హాస్టల్లో విద్యార్థినిపై అత్యాచారం జరిగిందని పొద్దున ఒక యూట్యూబ్ చానెల్లో వచ్చిందట. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులన్నీ అదే. మరుసటి రోజు కాలేజీవాళ్ళు ‘మాకు ఫిర్యాదే రాలేదు, ఇది మా సంస్థ మీద దుష్ప్రచారం’ అన్నారు. సీనియర్ ఒకామె ‘ఆడపిల్ల చెప్పాక నమ్మాల్సిందే, ప్రశ్నలు వేయడమే పాపం’ అందట. ఇంట్లో మామ ‘ఇవన్నీ డబ్బుల కోసం పెట్టే కేసులు’ అన్నాడట. ‘అనుమానం రావడమే తప్పా? అసలు దేన్ని ఆధారం అనుకోవాలి?’ అని ఆ అమ్మాయి అడుగుతోంది.

అమ్మా, కర్నూల్లో జిల్లా పేజీల డెస్కు మీద ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. క్రైం వార్తలూ కోర్టు వార్తలూ ఎక్కువగా నా చేతి మీదుగానే పేజీలోకి వెళ్ళేవి. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదువు.

అనుమానం రావడం తప్పు కాదు. చిక్కేమిటంటే, మన అనుమానం ఎప్పుడూ అందరికన్నా దిక్కులేని మనిషి మీదికే పోతుంది. ఆ పిల్ల అంత పొద్దుపోయాక అక్కడికి ఎందుకు పోయింది, మూడు రోజులు ఎందుకు ఊరకుంది, ఏడవలేదేమి అని అడుగుతారు. ‘ఫిర్యాదు రాలేదు’ అన్న కాలేజీని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ‘నిందితుడు నేరం ఒప్పుకున్నాడు’ అన్న పోలీసు ప్రకటనను మేం కామా కూడా మార్చకుండా వేసేవాళ్ళం. మాట ఎవరిదైనా అదే కొలతతో కొలవాలి. నీకు నేను చెప్పేదంతా ఇదొక్కటే.

ఆ పిల్ల నీకు తెలిసినదైతే, నీ పని ఆమె మాట విని పక్కన కూర్చోవడం. అక్కడ నువ్వు సాక్ష్యాలు అడగాల్సిన పని లేదు. వార్త రాసేవాడి పని, దాన్ని నలుగురికీ పంపేవాడి పని వేరు. అక్కడ విచారించుకోవడం ఆ పిల్లకు చేసే మేలు. ఎందుకో నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు చెబితే తెలుస్తుంది.

2003లో ఒక రాత్రి, పేజీలు విడిచే వేళకు, ఒక మండలం నుంచి మా కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ళ నుంచి వార్తలు పంపే విలేకరి, ఫ్యాక్స్ పంపాడు. ఒక ప్రైవేటు కాలేజీ విద్యార్థినిపై అత్యాచారం. ఒకే కాగితం, పద్దెనిమిది వాక్యాలు. ఎర్ర పెన్నుతో ఆ పిల్ల పేరు కొట్టేశాను, నా ధర్మం నేను చేశాననుకున్నాను. ఆమె ఊరి పేరు ఉంచాను. ‘బీఫార్మసీ రెండో సంవత్సరం’ అన్నది ఉంచాను. తండ్రి హమాలీ పని చేస్తాడన్నదీ ఉంచాను, చదివేవాళ్ళకు జాలి కలుగుతుందని. ‘హాస్టల్ గదిలో’ జరిగిందని కంట్రిబ్యూటర్ రాశాడు. నీకెట్లా తెలుసు అని ఫోన్ చేసి అడగలేదు. పదకొండున్నర దాటింది, ప్రింటింగ్ వాళ్ళు కాచుకుని ఉన్నారు.

మరుసటి రోజు యాజమాన్యం ప్రెస్ మీట్ పెట్టింది. హాస్టల్ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పరిచారు. ఆ రాత్రి ఆ గదిలో ఇంకో ముగ్గురు పిల్లలు పడుకున్నారు, వాళ్ళ సంతకాలున్నాయి. ‘చూడండి, అంతా కట్టుకథ’ అన్నారు. ఆ రిజిస్టరు నిజమైనదే. జరిగింది గదిలో కాదు, హాస్టల్ వెనక ఉన్న స్టాఫ్ క్వార్టర్‌లో. ఆ పిల్ల తన ఫిర్యాదులో గది మాటే ఎత్తలేదు. అది మా కంట్రిబ్యూటర్ ఊహ. ఊహ మాది, అబద్ధాలకోరన్న పేరు ఆ పిల్లకు.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళ నాయన ఆఫీసుకు వచ్చాడు. పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని తెచ్చాడు. కోపంగా మాట్లాడలేదు. ‘పేరు తీసేసినారు, మంచిదే సార్. మా ఊర్లో ఫార్మసీ సదివే పిల్ల ఒకతే ఉండాది. ఇంగ పేరు రాస్తే ఏమి, రాయకుంటే ఏమి?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల మళ్ళీ ఆ కాలేజీకి పోలేదు.

ఈ పని అప్పటికే నేరం. పాత శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. బాధితురాలి గుర్తింపు తెలిసేలా ముద్రించినా, ప్రచురించినా రెండేళ్ళ దాకా జైలు. పేరు ఒక్కటి తీసేస్తే చాలదని, ఆమె ఎవరో పట్టుకోడానికి వీలిచ్చే వివరం ఏదీ బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 11న స్పష్టంగా చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లయితే పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా గట్టిది, చదివే బడి పేరు కూడా రాయకూడదు. మన జిల్లాల్లో ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల పిల్లల్లో ఎక్కువ మంది ఆ వయసువాళ్ళే. నువ్వు చూసిన ఆ వీడియోలో కాలేజీ బోర్డు, హాస్టల్ గేటు, ఊరి పేరు ఉంటే, ముందు ఆ చానెల్‌నే అనుమానించు. చట్టం పట్టనివాడికి నిజం పట్టిందని నేను అనుకోను.

ఇక మామలు, బాబాయిలు వేసే ప్రశ్నల సంగతి. ‘ఎందుకు ఆలస్యమైంది? ఎందుకు అరవలేదు?’ వీటికి జవాబు తెలియాలంటే పంజాబ్ కేసు ఒకటి చూడాలి. 1984 మార్చి 30న పదో తరగతి పరీక్ష రాసి వెళ్తున్న పల్లెటూరి పిల్లను కారులో ఎత్తుకుపోయారు. మరుసటి పొద్దున పరీక్ష జరిగే బడి దగ్గర వదిలేశారు. ఆ పిల్ల ఆ రోజు పరీక్ష కూడా రాసి, ఇంటికి పోయి అమ్మకు చెప్పింది. తండ్రి ముందు సర్పంచి దగ్గరికి పోయాడు, పంచాయితీ అన్నారు, అది తెగలేదు, ఆ తర్వాత పోలీసులు. కింది కోర్టు నిందితుల్ని వదిలేసింది. ఎందుకంటే ఆ కారు ఏ కంపెనీదో ఆ పిల్ల చెప్పలేకపోయింది, పరీక్ష హాలులో టీచర్లకు చెప్పలేదు, ఫిర్యాదు ఆలస్యమైంది. 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పల్లె పిల్లకు కార్ల తేడా తెలియకపోవడం ఒక లెక్క కాదంది. కుటుంబం పరువు తలచుకుని వెనకాడడం సహజమంది. ఆమె సాక్ష్యం నమ్మదగ్గదిగా ఉంటే అదొక్కటే చాలు, ఇంకో సాక్షి కావాలని పట్టుబట్టకూడదంది. పంచాయితీ తెగక నాలుగు రోజులు పోవడం మన సీమలో ఎవరికి తెలియదు? ఎఫ్ఐఆర్ కాగితంలో ఎనిమిదో గడి ఏమిటో తెలుసా? ‘ఫిర్యాదు ఆలస్యానికి కారణాలు’. ఆలస్యం జరుగుతుందని తెలిసే అచ్చువేసిన గడి అది.

ఇవన్నీ చోటు తప్పిన అనుమానాలు. మనిషి ఎట్లా ఏడ్చింది, ఎప్పుడు నోరు విప్పింది అన్నవాటి నుంచి ఏమీ తేలదు. మరి అనుమానం ఎక్కడ పెట్టాలి? బయటినుంచి సరిచూసుకోగలిగిన విషయాల మీద. తేదీ, స్థలం, ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారు, ఆమె మొదట ఎవరికి చెప్పింది, ఫోన్‌లో ఏముంది. ఆ పని మానేస్తే ఏమవుతుందో అమెరికాలో ఒక పత్రిక అనుభవించింది.

2014 నవంబరులో ‘రోలింగ్ స్టోన్’ అనే పెద్ద పత్రిక వర్జీనియా విశ్వవిద్యాలయం గురించి ఒక కథనం వేసింది. 2012 సెప్టెంబరు 28 రాత్రి ఒక విద్యార్థి సంఘం భవనంలో పార్టీ జరుగుతుండగా ఏడుగురు ఒక విద్యార్థినిపై అత్యాచారం చేశారని, విశ్వవిద్యాలయం పట్టించుకోలేదని. దేశమంతా అట్టుడికింది. రెండు వారాల్లో ‘వాషింగ్టన్ పోస్ట్’ విలేకరులు మామూలు పనే చేశారు, అందులో చెప్పిన మనుషుల్ని వెతికి అడిగారు. ఆ రాత్రి ఆమెను కలిసిన ముగ్గురు స్నేహితులు ఏవేవో అన్నారని పత్రిక రాసింది కానీ, ఆ ముగ్గురిలో ఒక్కరికీ ఫోన్ చేయలేదు. అడిగితే వాళ్ళు చెప్పింది వేరు. ఆమెను పార్టీకి పిలుచుకుపోయాడన్న యువకుణ్ణి పత్రిక కనిపెట్టనే లేదు. ఆ రోజు తమ దగ్గర పార్టీయే లేదని ఆ సంఘం చెప్పింది. డిసెంబరు 5న పత్రిక క్షమాపణ చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో చూడమని కొలంబియా జర్నలిజం స్కూలును అడిగింది, 2015 ఏప్రిల్‌లో ఆ నివేదిక వచ్చాక కథనాన్నే వెనక్కి తీసుకుంది. ఆ కథనంలో చెడ్డగా చూపించిన ఒక అధికారిణికి 2016లో జ్యూరీ 30 లక్షల డాలర్లు ఇప్పించింది.

ఆ విలేకరికి దురుద్దేశం ఉందని నేను అనుకోను. ఆ పిల్ల బాధపడుతుందని, ఎక్కువ అడిగితే వెనక్కి తగ్గుతుందని భయపడి అడగాల్సినవి వదిలేసింది. పై ఎడిటర్లూ ఊరకున్నారు. చూడు, దయతోనే వదిలేశారు, చివరికి ఆ దయ ఆ పిల్లనే ప్రపంచం ముందు నిలబెట్టింది. ఆమె తర్వాత ఫిర్యాదు చేయబోయే ప్రతి విద్యార్థినికీ ‘ఇదీ అట్లాంటిదేనేమో’ అన్న మాట ఎదురైంది. అక్కడి పోలీసు అధికారి దర్యాప్తు ముగించి అన్నది మాత్రం నేను మా జూనియర్లకు పదేపదే చెప్పేవాణ్ణి: పత్రిక రాసినట్టు జరిగిందనడానికి ఆధారం దొరకలేదు, అంతమాత్రాన ఆ రాత్రి ఆమెకు ఏ ఘోరమూ జరగలేదని అర్థం కాదు. ఆధారం దొరకలేదన్న మాటకూ, జరగలేదన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. మన పేపర్లలో ఆ దూరం ఒక్క హెడ్డింగులో చెరిగిపోతుంది.

పేపరు భాష గురించి చెబుతాను, ఇది లోపలివాళ్ళకే తెలుస్తుంది. ‘తెలిసింది’ అని ఉంటే, ఎవరో చెప్పారు, ఆ ఎవరో పేరు బయటపెట్టరు. ‘విశ్వసనీయ సమాచారం’ అంటే చాలాసార్లు పోలీస్ స్టేషన్లో రాతపని చేసే రైటరో, కాలేజీ క్లర్కో. ‘స్థానికులు చెబుతున్నారు’ అంటే ఆ పూట గేటు దగ్గర కనబడ్డవాళ్ళు. ‘కలకలం రేగింది’ అన్న వాక్యంలో సమాచారమే లేదు. అన్నిటికన్నా చెడ్డది హెడ్డింగు చివర ప్రశ్నార్థకం: ‘ప్రేమ వ్యవహారమే కారణమా?’ ఆధారం చేతిలో లేనప్పుడు, వాడుకోకుండా ఉండలేనప్పుడు పెట్టే గుర్తు అది. నేనూ పెట్టాను. దానివల్ల ఒక పిల్ల నడతను జిల్లా అంతా చర్చకు పెట్టినట్టయింది. కోర్టులోనే ఆమె పాత సంబంధాల గురించి అడగడానికి వీల్లేదని చట్టం చెబుతుంటే, మేం వీధిలో అడిగాం.

ఆ హమాలీ వచ్చిపోయాక నేనొక అలవాటు పెట్టుకున్నాను. ఇట్లాంటి వార్త వస్తే పెన్సిల్ తీసుకుని, ప్రతి వాక్యం కింద ‘ఇది మనకెట్లా తెలుసు?’ అని రాసేవాణ్ణి. జవాబు రానిదాన్ని కొట్టేసేవాణ్ణి. పద్దెనిమిది వాక్యాల వార్తలో ఒక్కోసారి మూడే మిగిలేవి: ఏ స్టేషన్లో, ఏ తేదీన, ఏ సెక్షన్ల కింద కేసు నమోదైంది. ఆ మూడూ సింగిల్ కాలమ్‌లో వేసేవాణ్ణి. పై ఎడిషన్ నుంచి ‘పక్క పేపర్లో ఆరు కాలమ్‌లు వచ్చింది, మీకెందుకు లేదు’ అని ఫోన్లు వచ్చేవి. వచ్చినా మార్చలేదు. నువ్వు చూసిన వీడియోకు కూడా అదే పెన్సిల్ పట్టు. ఇట్లాంటి కేసుల ఎఫ్ఐఆర్‌లు మామూలువాటిలాగా ఆన్‌లైన్లో పెట్టరని గుర్తుంచుకో. పోలీసు వెబ్‌సైట్లో కనబడలేదు కాబట్టి కేసే లేదు అనేవాళ్ళ మాట చెల్లదు. ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన అందులోదంతా రుజువైనట్టూ కాదు, అది ఫిర్యాదు నమోదైన కాగితం, అంతే.

వైద్య పరీక్ష దగ్గర జనం ఘోరంగా మోసపోతారు. ‘వైద్య పరీక్షల్లో అత్యాచారం జరగలేదని తేలింది’ అన్న హెడ్డింగు ఎన్నిసార్లో చదివి ఉంటావు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఫోరెన్సిక్ డాక్టరు ఒకాయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: అత్యాచారం జరిగిందీ లేదూ అని డాక్టరు తేల్చడు, అది కోర్టు పని. కనబడిన గాయాలు, తీసిన నమూనాలు రాస్తాడు. గాయాలు లేకపోవడం సమ్మతికి గుర్తు కాదు. భయంతో కట్టెసరుచుకుపోయిన మనిషి పెనుగులాడదు, పెనుగులాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదని చట్టంలోనే రాసి ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం స్వాబ్ నమూనాలు, అంటే ఒంటి మీద నుంచి దూదిపుల్లతో తీసేవి, 96 గంటల లోపు తీయాలి. అది దాటి వస్తే ఏమీ దొరక్కపోవచ్చు. ఆమెకు ముందే లైంగిక సంబంధాలున్నాయా అని వేళ్ళతో చూసే రెండు వేళ్ళ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, 2022లో మళ్ళీ చెప్పింది, అయినా సంబంధాలకు ‘అలవాటుపడిన’ పిల్ల అన్న మాట వార్తల్లోకి జారుతూనే ఉంది. ఆ మాట కనబడిన వార్త ఏ పేపరుదైనా పక్కన పెట్టు.

తప్పు బాధితురాలి వైపు నిలబడినవాళ్ళ నుంచి కూడా జరుగుతుంది. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ మెడికల్ కాలేజీలో ట్రైనీ డాక్టరు హత్యాచారం జరిగినప్పుడు, ఆమె శరీరంలో ‘150 గ్రాముల వీర్యం’ దొరికిందని, కాబట్టి చాలామంది కలిసి చేశారని మన తెలుగు చానెళ్ళు కూడా ఊదరగొట్టాయి. పోస్టుమార్టంలో అవయవాలను తూచి బరువు రాయడం రివాజు. ఆ తూకం అంకెను తెచ్చి ద్రవంగా మార్చేశారు. సుప్రీంకోర్టులో ఒక లాయరు అదే మాట ఎత్తితే, పోస్టుమార్టం నివేదిక మా ముందే ఉంది, ఆ 150 గ్రాములంటే ఏమిటో మాకు తెలుసు, సోషల్ మీడియాలో చదివింది ఇక్కడ వాదించొద్దు అని ప్రధాన న్యాయమూర్తి ఆపేశారు. ఆమె పేరు, ఫొటోలు తీసేయమని ఆదేశించాల్సి వచ్చింది. నేరం నిజం, 2025 జనవరిలో ఒకడికి యావజ్జీవం పడింది. నేరం నిజమైనంత మాత్రాన దాని చుట్టూ అల్లిన అంకె నిజం కాదు. మంచి ఉద్దేశంతో ఆ అంకెను పంపినవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

పోలీసు మాట సంగతికి వస్తే మన రాష్ట్రంలోనే ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య. మరుసటి ఏడు ఒక యువకుణ్ణి పట్టుకొచ్చి, హాస్టల్లోకి ఎట్లా దూరాడో, ఏం చేశాడో పోలీసులు వివరంగా చెప్పారు. మేమందరం బొమ్మలు గీసి మరీ వేశాం. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలింది, అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో దర్యాప్తు సీబీఐకి పోయింది. అతను కాదు, అసలువాళ్ళు వేరు అని మొదటినుంచీ అంటూ వచ్చింది ఎవరో తెలుసా? ఆ పిల్ల కన్నతల్లి. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి పోలీసు మాట మీద అనుమానం పెట్టింది. రోజూ కోర్టుల చుట్టూ తిరిగే మేం పెట్టలేకపోయాం.

మీ మామ మాటకు వద్దాం. అబద్ధపు ఫిర్యాదులు అసలే ఉండవని నేను చెప్పను, నేనూ చూశాను. ఎన్ని ఉంటాయన్నదానికి క్యాంపస్ మీద జరిగిన అధ్యయనమే ఒకటుంది. 2010లో అచ్చయింది, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో పదేళ్ళ ఫిర్యాదులు 136 చూశారు. అబద్ధమని దర్యాప్తులో తేలినవి 8, అంటే 5.9 శాతం. మీ మామకు ఆ అంకె చెప్పు. అట్లాగే మీ సీనియర్‌కు ఇంకోటి చెప్పు: అందులో 44.9 శాతం కేసులు ముందుకు సాగనే లేదు, అవి ఎటూ తేలలేదు. శాతాలు చూసి నీ ముందున్న ఒక్క కేసు సంగతి చెప్పలేం. మన దేశంలో 2022లో 31,516 అత్యాచార కేసులు నమోదయ్యాయి, ఆ ఏడు విచారణ ముగిసినవాటిలో శిక్షపడింది 27 శాతం దరిదాపుల్లో. మిగతావన్నీ అబద్ధం అనేవాళ్ళు కోర్టు వరండాలో ఒక్క రోజు నిలబడి చూడాలి. సాక్షులు తిరగబడటం, రాజీలు, ల్యాబ్ రిపోర్టులు రాకపోవడం, ఆ పిల్లకు పెళ్ళి కుదరడం, ఇన్ని ఉంటాయి ఒక్కో ‘కొట్టివేత’ వెనక.

ఇక మీ ఊరి వార్త. ‘ఫిర్యాదు రాలేదు’ అన్న కాలేజీ మాటను పట్టుకో. ఎవరికి రాలేదు, ప్రిన్సిపాలుకా, వార్డెన్‌కా, అంతర్గత ఫిర్యాదుల కమిటీకా? యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ఆ కమిటీ ఉండి తీరాలి, అందులో విద్యార్థుల ప్రతినిధులు కూడా ఉండాలి. సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయా? నీ స్నేహితులెవరైనా అక్కడ చదువుతుంటే పోయి చూడమను. కమిటీయే లేని చోట ఫిర్యాదు ఎక్కడికి వస్తుంది? ఆ పిల్ల మైనరయితే, తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడమే నేరం, ‘మేమే లోపల సర్దుబాటు చేశాం’ అన్నా తప్పించుకోలేరు. కమిటీ విచారణలో ఇట్లా తేలిందట అని లీకులు వస్తే నమ్మొద్దు. ఆ వివరాలు ప్రచురించడానికే వీల్లేదు, లీకు చేసినవాడికి ఏదో అవసరం ఉండే చేస్తాడు.

నీ ఫోన్‌లో ఆ వీడియో ఉంటే తీసేయి, గ్రూపులో పెట్టినవాళ్ళకు 72వ సెక్షన్ సంగతి చెప్పు. ఆ పిల్ల ఎవరో నీకు తెలిసినా, తెలుసని ఎవరికీ చెప్పొద్దు. ఆమె నీ దాకా వస్తే ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆమె చెప్పినంత విను, ఎప్పుడు ఏం చెప్పిందో ఆ రోజే తేదీ వేసి నీ పుస్తకంలో రాసి పెట్టుకో, మొదట విన్న మనిషి మాటకు రేపు కోర్టులో విలువ ఉంటుంది. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతకొద్దని చెప్పు. తడి ఉంటే నీడలో ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితంలో చుట్టి పెట్టాలి. ఫోన్‌లో మెసేజులు, కాల్ వివరాలు తుడిచేయొద్దు. ఆసుపత్రికి పోవడానికి ఎఫ్ఐఆర్ అక్కర్లేదు, ప్రైవేటు ఆసుపత్రి అయినా చికిత్స ఉచితంగా చేయాలి, కాదంటే వాళ్ళ మీదే కేసు. ఏ స్టేషన్‌కు పోయినా జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి, ‘ఇది మా పరిధి కాదు’ అనడానికి లేదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే తోడుకు మనిషిని పంపే ఏర్పాటు చెబుతారు. వీటిలో ఏదైనా ఆమె వద్దంటే ఆగు. 96 గంటల్లో ఎన్ని గడిచాయో మాత్రం ఆమెకు తెలిసేలా చెప్పు.